మాటా, ముద్దా: గొంతుకు సంబంధించిన కొన్ని సంగతులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం మాస్టరును. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద కుడి నుండి ఎడమకు వ్రాస్తున్నవాణ్ణి. ఈ సభలో ఎప్పుడు మాట్లాడమన్నా ఉర్దూలోనే మాట్లాడాను. ఈసారి తెలుగులో మాట్లాడతానని కార్యదర్శిగారిని నేనే అడిగాను. దానికి రెండు కారణాలున్నవి. మన సావనీరును ఇంటికి తీసుకువెళ్లి చదివేవాళ్లలో ఉర్దూ లిపి వచ్చినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు, అది ఒకటి. రెండవ కారణం మా అబ్బాజాన్. ఆ సంగతి మధ్యలో వస్తుంది. నా తెలుగులో ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే పెద్ద మనసుతో సర్దుకోవాలి.

నాకు ఇచ్చిన విషయం ఆరోగ్యం. బి.పి., షుగరు గురించి పోయిన సంవత్సరం డాక్టరుగారు చక్కగా చెప్పారు. నేను డాక్టరును కాను. అందుచేత నాకు అనుభవమైన ఒక్క సంగతే చెబుతాను. మాట పోయినవారికి మాట తెప్పించే విద్య, ముద్ద మింగలేనివారికి మింగడం మళ్లీ నేర్పే విద్య ఒకటి ఉన్నది. దాన్ని స్పీచ్ థెరపీ అంటారు. అటువంటి విద్య ఒకటి ఉన్నదని తెలియక మా ఇంట్లో నేను చేసిన తప్పు ఏమిటో మీ ముందు పెడుతున్నాను.

మా అబ్బాజాన్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్ఖానాలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 2015 చలికాలంలో ఒకనాడు ఫజర్ నమాజుకు వజూ చేస్తూ చేస్తూ కుళాయి దగ్గరే ఒరిగిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవి. మూతి వంకర పోయింది. మాట లేదు. ఒక ఆస్పత్రిలో, పేరు అనవసరం, ఆరు రోజులు ఉంచుకున్నారు. ప్రాణం దక్కించారు, ఆ మేలు మరువలేము. తరువాత ముక్కులో వేసిన గొట్టం తీసేసి, మందుల చీటీ వ్రాసి, మెత్తని ఆహారం ఇవ్వండని చెప్పి ఇంటికి పంపించారు. మెత్తనిది అన్నారు గానీ ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాలని తెలిస్తే గదా!

ఇంటికి వచ్చిన సాయంత్రం నుండి ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. చుట్టాలు, మొహల్లావాళ్లు, కార్ఖానా స్నేహితులు. ఫూఫీ పాలు పట్టారు. ఒకాయన దాచుకున్న జమ్‌జమ్ తెచ్చారు. పక్కింటి ఎల్లమ్మక్క కొబ్బరినీళ్లు తెచ్చింది. అందరిదీ ప్రేమే. ఆయన వెల్లకిలా పడుకొని ఉంటే తల క్రింద ఒక దిండు ఎత్తు పెట్టి, చెంచాతో నీళ్లు పోసినవాణ్ణి మాత్రం నేనే. పోస్తే దగ్గు వచ్చేది. "గొంతు ఎండిపోయిందిరా, ఇంకొంచెం పొయ్యి" అన్నారు పెద్దవాళ్లు. ఇంకొంచెం పోశాను. మూడో రోజుకు ఒళ్లు కాలిపోయింది. అయిదో రోజుకు ఊపిరి అందలేదు. మళ్లీ ఆస్పత్రి, ఈసారి వేరే ఆస్పత్రి. న్యుమోనియా అన్నారు. కడుపులోకి పోవలసిన నీళ్లూ పాలూ కొంత ఊపిరితిత్తులలోకి పోయినవని అక్కడి డాక్టరు నాకు ఫోటో చూపించి చెప్పారు.

ఇప్పుడు మీరందరూ ఒక పని చేయండి. సిగ్గుపడవద్దు. వేలు గొంతు మీద, మగవాళ్లకు ముందుకు పొడుచుకొని కనిపించే ఆ బుడిపె మీద పెట్టుకొని ఒకసారి ఉమ్మి మింగండి. పైకి లేచి దిగింది కదూ? అది లేచినప్పుడే ఊపిరి గొట్టానికి మూత పడుతుంది. ఆ క్షణంసేపు శ్వాస ఆగుతుంది. మన గొంతులో రెండు గొట్టాలున్నవి. ముందున్నది ఊపిరిది, వెనుక ఉన్నది అన్నానిది. అంటే మనం తినే ప్రతి ముద్దా, త్రాగే ప్రతి గుక్కా ఊపిరి గొట్టం మీదుగానే దాటిపోవాలి. రోజుకు కొన్ని వందలసార్లు ఈ మూత పడుతూ లేస్తూ ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. మాట పుట్టే స్వరతంత్రులు కూడా ఆ మూత క్రిందనే ఉన్నవి. పెదవులు, నాలుక, అంగిలి, గొంతు, ఇవే మాటకూ పనిముట్లు, ముద్దకూ పనిముట్లు. అందుకనే మాట నేర్పేవాళ్లే మింగుడు కూడా చూస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లలో మొదటి రోజుల్లో సుమారు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాలలో అది సర్దుకుంటుంది. ఆ కొన్ని వారాలు గట్టెక్కించడమే అసలు పని.

నీళ్లు అన్నిటికంటే తేలికైనవని మన నమ్మకం. బలహీనపడిన గొంతుకు నీళ్లే అన్నిటికంటే కష్టం. పలుచనివి గనుక జారిపోతవి, మూత పడేలోపలే దిగిపోతవి. చిక్కటిది మెల్లగా కదులుతుంది, గొంతుకు కొంత వ్యవధి ఇస్తుంది. అందువల్ల కొందరికి కొన్నాళ్లు పలుచని నీళ్లు ఆపి, చిక్కగా చేసినవే ఇవ్వమంటారు. అయితే ఎవరికి ఎంత చిక్కగా అన్నది పరీక్షించి చెప్పవలసిన మాట. నా ప్రసంగం విన్నామని ఇంటికి పోయి అంబలి కాచి పోసేరు, వద్దు సుమా! దగ్గు వస్తేనే ప్రమాదమనీ అనుకోవద్దు. కొందరికి గొంతు మొద్దుబారి దగ్గు కూడా రాదు, నీళ్లు చప్పుడు లేకుండానే ఊపిరితిత్తులలోకి దిగుతవి. త్రాగిన తరువాత గొంతులో గురగురమని తడి చప్పుడు, తిన్నది బుగ్గలో నిలిచిపోవడం, చొల్లు కారడం, ఒక కటోరీ అన్నానికి గంట పట్టడం, మాటిమాటికీ జ్వరం. వీటిలో ఏది కనిపించినా నోటితో ఇవ్వడం ఆపి అడగండి.

ఆ రెండవ ఆస్పత్రిలో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. ఒక టార్చిలైటు, నాలుక నొక్కే పుల్ల, చెంచా, గ్లాసు, ఆమె సరంజామా అంతే. నేను నర్సమ్మ అనుకున్నాను. అబ్బాజాన్‌ను మంచం మీద నిటారుగా కూర్చోబెట్టించి, నోరు తెరిపించి, కుడి బుగ్గలో ఇరుక్కున్న మాత్ర ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. ఎప్పటి మాత్రో!

"ఇంట్లో ఎవరు తాగించారు సార్?"

"నేనేనమ్మా."

"పడుకోబెట్టేనా?"

అవునన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆమె నేర్పినది మా ఇంట్లో మూడేళ్లు నడిచింది. నిటారుగా కూర్చోవాలి, గడ్డం కొంచెం దించుకోవాలి. అది ఆయన గొంతు చూసి ఆయనకు చెప్పినది. అర చెంచాకు మించి పెట్టకూడదు. బుడిపె లేచి దిగిందా లేదా చూసి గాని రెండో చెంచా లేదు. మధ్య మధ్య "ఆ" అనిపించాలి, గొంతు తడిగా పలికితే ఆగిపోవాలి. తినేటప్పుడు టి.వి. లేదు, పలకరింపులు లేవు. తిన్న తరువాత అరగంట పడుకోనివ్వకూడదు. తినకముందూ తిన్న తరువాతా నోరు శుభ్రం చేయాలి, ఎందుకంటే నోట్లోని క్రిములే ఊపిరితిత్తులకు చేరి జబ్బు చేస్తవి. మా అమ్మీ ఒక కటోరీ ఖిచిడీ నలభై నిమిషాలపాటు తినిపించేది. ఆ ఓపిక నాకు లేదు, ఒప్పుకుంటాను.

ఇక మాట సంగతి. అబ్బాజాన్ నోట ఒక్క మాట రాని రోజుల్లో, నేను పక్కన కూర్చొని సూరె ఫాతిహా మొదలుపెడితే ఆయన నాతోపాటు చివరిదాకా చదివారు. ఇల్లంతా ఏడ్చింది. కొందరు కరామత్ అన్నారు. ఇంకొందరు, మతి పోయింది గానీ అల్లాహ్ పేరు మిగిలింది అన్నారు. తరువాత "దాహమా, ఆకలా" అంటే మళ్లీ మూగే. ఆ అమ్మాయిని అడిగాను. ఇది చాలామందిలో చూస్తామన్నది. అంకెలు, వారాల పేర్లు, పాటలు, ప్రార్థనలు, కంఠతా వచ్చినవి అప్పుడప్పుడు చెక్కుచెదరకుండా మిగులుతాయట. అప్పటికప్పుడు మాట కట్టి అడగడం మెదడులో వేరే పని. 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే సర్జను, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగిని చూశాడు. ఎదుటివాళ్లు చెప్పేది అతనికి చాలావరకు అర్థమయ్యేది. చనిపోయిన తరువాత చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉన్నది. అది మొదలు మాట పోవడం వేరు, మతి పోవడం వేరు అని వైద్యులు తెలుసుకుంటూ వచ్చారు. మన ఇళ్లలో మాత్రం మాట పడిపోయిన మనిషి ఎదుటే ఆస్తి సంగతులు, మందుల ఖర్చు సంగతులు మాట్లాడుకుంటాము. ఆయన వింటూ ఉంటాడు.

ఆ అమ్మాయికి ఉర్దూ రాదు. ఆయనకు ఇష్టమైన వస్తువులు తీసుకురండి అన్నది. టోపీ, తస్బీ, చాయ్ కప్పు, టిఫిను డబ్బా, దానితోపాటు ఆయన పాత స్పానరు ఒకటి పట్టుకుపోయాను. ఆమె గ్లాసు ఎత్తి చూపించి, "తాతా, ఇందులో ఏమున్నయి?" అని ఆగి ఊరుకునేది. మనమైతే ఆగలేము, మనమే జవాబు చెప్పేస్తాము. ఆమె ఆగేది. పదకొండవ రోజున అబ్బాజాన్ నోట సొంతంగా వచ్చిన మొదటి మాట "పానీ" కాదు. "నీళ్లు."

మా అమ్మీ మనసు కష్టపెట్టుకుంది. నలభై ఏళ్ల కాపురం భాష పోయి కార్ఖానా భాష మిగిలిందా అన్నది. కానీ ఆలోచిస్తే, తెల్లవారి షిఫ్టు మొదలు పొద్దు గూకేదాకా ముప్పై ఒక్క ఏళ్లు ఆయన తెలుగువాళ్ల మధ్యనే పనిచేశారు. రెండు భాషలవాళ్లకు పక్షవాతం వస్తే రెండూ సమంగా తిరిగి రావు. ఎక్కువ వాడుకలో ఉన్నది ముందు వస్తుందని పిత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు 1895లోనే వ్రాశాడు, అందరి విషయంలో అలాగే జరుగుతుందని కాదు. పైగా అక్కడ అడిగిందీ తెలుగులోనే. దక్కనీ మాటలు నెల దాటిన తరువాత వచ్చినవి. ఇవాళ నేను తెలుగులో మాట్లాడడానికి రెండవ కారణం ఇదే. ఇంకొక మాట. ఆయన నీళ్లు అడిగిన ఆ రోజున మేము ఆయనకు నీళ్లు ఇవ్వలేకపోయాము. చిక్కగా చేసి, అర చెంచా చొప్పున ఇచ్చాము.

ఆ విద్య చూస్తుంటే నాకు మదరసాలో మా ఉస్తాద్ గుర్తుకు వచ్చారు. ఏ అక్షరం ఏ మఖ్రజ్ నుండి పలకాలో ఆయన మా దవడలు పట్టుకొని నేర్పేవారు. క్రీస్తుశకం ఎనిమిదవ శతాబ్దంలో బస్రా నగరంలో ఖలీల్ బిన్ అహ్మద్ అనే పండితుడు అరబ్బీ నిఘంటువును అలిఫ్, బే వరుసలో కాక గొంతు అడుగున పుట్టే 'ఐన్'తో మొదలుపెట్టి పెదవుల అక్షరాలవైపు నడిపించాడు. తెలుగు వర్ణమాల చూడండి, కంఠంలో పుట్టే క వర్గం ముందు, పెదవుల ప వర్గం చివర. అక్షరాలు లోపలి నుండి బయటికి వస్తవి, ముద్ద బయటి నుండి లోపలికి పోతుంది. దారి ఒకటే.

ఇప్పుడు నా రెండవ తప్పు. నా తరగతిలో ఒక పిల్లవాడికి నత్తి ఉండేది. మనం హక్లానా అంటాము. భయం పోవాలని వాణ్ణి రోజూ నిలబెట్టి చదివించేవాణ్ణి. తోటి పిల్లలు నవ్వేవాళ్లు. వాడు వారానికి రెండు రోజులు బడి మానేసేవాడు. అబ్బాజాన్ కోసం వచ్చిన ఆ అమ్మాయినే ఈ సంగతీ అడిగాను. "మెల్లగా చెప్పు, ఊపిరి పీల్చుకో అనకండి సార్, వాడి మాట మీరు పూర్తి చేయకండి, చెప్పేదాకా వాడి ముఖం చూస్తూ వినండి" అన్నది. ఇంకొకరితో గొంతు కలిపి చదివితే నత్తి చాలావరకు తగ్గుతుందని కూడా చెప్పింది. మరునాడు వాణ్ణీ వాడి స్నేహితుణ్ణీ కలిపి చదవమన్నాను. పేజీ మొత్తం ఆగకుండా చదివాడు. అంతమాత్రాన నత్తి పోలేదు, కానీ బడి మానడం పోయింది. చిన్నతనంలో నూటికి సుమారు అయిదుగురు పిల్లలకు నత్తి వస్తుంది, చాలామందికి దానంతట అదే పోతుంది, పెద్దవాళ్లలో నూటికి ఒకరికి మిగులుతుంది. కొన్ని నెలలైనా పోకపోతే చూపించాలి. ఇంగ్లండు రాజు ఆరవ జార్జికి కూడా నత్తి ఉండేది. 1926 నుండి ఆయనకు సాయం చేసిన లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియావాసి డాక్టరు కాడు, ఉచ్చారణ నేర్పే మాస్టరు. మా మాస్టర్లకు కొంచెం గర్వపడే అవకాశం.

మాటలు ఆలస్యమైన పిల్లల తల్లులతో ఒక విన్నపం. "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చినయి" అని దాదీలు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం వద్దు. మొదట చెవులు పరీక్ష చేయించండి. అప్పుడే పుట్టిన బిడ్డకు కూడా వినికిడి పరీక్ష చేయవచ్చు. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు మనలోనూ ఉన్నవి, మేనరికాల పేరుతో మన హిందూ సోదరులలోనూ ఉన్నవి. అటువంటి ఇళ్లలో పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. ఈ మాట మీకు రుచించకపోవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద మన పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగినవి. అయితే ఆపరేషను వినికిడినే ఇస్తుంది, మాటను ఇవ్వదు. ఆ తరువాత నెలల తరబడి థెరపీకి తిరగాలి. తిరగలేక ఆగిపోయినవాళ్లను చూశాను. వయసు ముదిరేకొద్దీ ఫలితం తగ్గుతుంది గనుక రెండేళ్లలోపు తెలుసుకుంటే మంచిది.

ఇంకొక దురభిప్రాయం. ఇంట్లో దక్కనీ, బడిలో కితాబీ ఉర్దూ, వీధిలో తెలుగు, ఇన్ని భాషలవల్లనే పిల్లవాడికి మాట రావడం లేదు, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి అని కొందరు చదువుకున్నవాళ్లే సలహా ఇస్తున్నారు. అది నిజం కాదు. రెండు మూడు భాషలు వినడంవల్ల మాట ఆలస్యం కాదని పరిశోధకులు పదే పదే చూపించారు. ఇంగ్లీషు సరిగా రాని తల్లి ఇంగ్లీషులో బిడ్డతో ఎంతసేపు మాట్లాడగలదు? లోరీ ఏ భాషలో పాడగలదో ఆ భాషలోనే మాట్లాడాలి. నేను ఉర్దూ మాస్టరును గనుక చెబుతున్నానని అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

గుట్కా, జర్దా, వక్కల గురించి ఒక్క మాటతో దాటవేస్తాను. నోరు మూడు వేళ్లు పట్టనంతగా బిగుసుకుపోతుంటే అది వక్క చేసిన పని. ఆ దశలోనే మానేసి డాక్టరుకు చూపించండి. నాలుక తీసేసిన తరువాత మాట నేర్పడం ఎంత కష్టమో రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

తావీజు కట్టించాము, దమ్ చేయించిన నీళ్లు తాగించాము, ఇంకేం చేయాలి అని అడుగుతారు. దుఆను కాదనేవాణ్ణి కాను. నాలుక ముడి విప్పమని హజ్రత్ మూసా అలైహిస్సలాం చేసిన దుఆ ఇక్కడున్న పిల్లలకు కూడా కంఠస్థమే. ఆ దుఆతోపాటే ఆయన తన అన్న హారూన్‌ను సహాయకుడిగా అడిగిన సంగతి మనం తక్కువగా గుర్తు చేసుకుంటాము.

ఎక్కడికి పోవాలంటే, మొదట మీరు చూపించుకునే ఆస్పత్రిలోనే అడగండి. కార్ఖానాలలో పనిచేసేవాళ్లు ఇ.ఎస్.ఐ. కార్డు పట్టుకొని మన నాచారం ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో అడగండి. పక్షవాతం మనిషిని ఇంటికి పంపించేటప్పుడు "మింగుడు పరీక్ష చేశారా" అనే ఒక్క ప్రశ్న వేయండి చాలు. చెవి, ముక్కు, గొంతుకు కోఠీలో సర్కారు ఆస్పత్రి ఉన్నది. సికింద్రాబాదులో బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఆ సంస్థ 1983లో బొంబాయిలో పెట్టారు. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదు మనిషి, ఉస్మానియాకూ అలీగఢ్‌కూ వైస్ ఛాన్సలరు, 1976లో మహారాష్ట్ర గవర్నరుగా ఉండగానే కన్నుమూశారు. ఆయన పేరు పెట్టిన చోటు మన ఊళ్లోనే ఉంటే మనవాళ్లలో ఎందరికి తెలుసు? హబ్సిగూడ నుండి మెట్రోలో సికింద్రాబాదు, అక్కడి నుండి బస్సో ఆటోనో. ఎవరి దగ్గరికి పోయినా భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగండి. 1992 చట్టం ప్రకారం అది ఉండాలి, అడగడం మర్యాద తక్కువ కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు చెప్పారు. పక్షవాతంవల్ల గాని, గొంతు తీసేయడంవల్ల గాని శాశ్వతంగా మాట పోవడం అందులో ఒకటి. నలభై శాతానికి తక్కువ కాకుండా సర్టిఫికెట్ వస్తే కొన్ని సౌకర్యాలకు అర్హత ఉంటుంది. మా అబ్బాజాన్ సర్టిఫికెట్ కోసం మేము దరఖాస్తు పెట్టనే లేదు, ఆయన 2018లో పోయారు. ఆ దరఖాస్తు ఆన్‌లైనులో నింపవలసి ఉన్నది, ఇంగ్లీషుకు భయపడి చాలామంది వదిలేస్తున్నారు. వచ్చే నాలుగు ఆదివారాలు జొహర్ తరువాత నేను సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ఆధారు కార్డు, ఒక ఫోటో, ఆస్పత్రి కాగితాలు తీసుకురండి. మనిషిని తీసుకురావలసిన అవసరం లేదు. చెంచాతో ఎలా పెట్టాలో చూడదలచిన అమ్మలు, అక్కలు కూడా అదే సమయానికి రండి. మా అమ్మీ వచ్చి చూపిస్తానన్నది.